మంగళవారం బిగించిన పెట్టె

మా అపార్టుమెంటులో నీళ్ల మోటారును నడిపే చిన్న పెట్టెను నా మేనల్లుడే తయారుచేశాడు. ట్యాంకు నిండగానే మోటారు ఆగాలి. అలాంటిది కొన్ని మంగళవారాలు పొద్దున్నే ఆగేది కాదు, నీళ్లు మెట్ల మీదుగా కారేవి. "మంగళవారం బిగించారు కదండీ, ఇంకేం జరుగుతుంది?" అన్నారు కొందరు. కొబ్బరికాయ కొట్టమన్నారు. నేనేమో హేతువాదినని అందరికీ తెలిసినవాణ్ణి. ఇదంతా కాకతాళీయం, మీకు మంగళవారాలే గుర్తుంటాయని మీటింగులో ఉపన్యాసం ఇచ్చాను. మా వాచ్‌మన్ గోడ మీద గీతలు గీసి లెక్క రాసుకున్నాడు. ఏడుసార్లు పారింది, ఏడూ మంగళవారాలే. ఆ గోడ వైపు నేను వెళ్లనేలేదు.

మేనల్లుడు వచ్చి ల్యాప్‌టాప్ తెరిచాడు. నేను బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు అర్థమయ్యేట్టు చెప్పమన్నాను.

పెట్టెలో ఉన్నది ఆర్మ్ కార్టెక్స్-ఎం3 చిప్. ర్యామ్ మొత్తం 4096 బైట్లు. అందులో 3072 శాశ్వత ఖాతాలకు పోగా మిగిలిన 1024 స్టాకుకు. సీ భాషలో మనం ఫంక్షన్ రాస్తే, దాని మొదట్లో మనం రాయని రెండు మూడు ఆజ్ఞలను కంపైలర్ తనే చేరుస్తుంది. దాన్ని ప్రోలాగ్ అంటారు. పిలిచినవాడి రిజిస్టర్లను, తిరిగి వెళ్లవలసిన చిరునామాను స్టాకులో దాచడం, తన సొంత వాడకానికి చోటు తీసుకోవడం దాని పని. ఛార్జి అప్పగింత లాంటిదే.

ఒకచోట ఆర్3 అనే రిజిస్టరును కూడా దాస్తోంది. దాని విలువతో ఎవరికీ పనిలేదు. "ఇదేమిట్రా, మీకూ ఆచారాలున్నాయా?" అన్నాను. "కాదు మావయ్యా, ఫంక్షన్ల మధ్య స్టాకు 8 బైట్ల గుణిజంలో ఉండాలని ఆర్మ్ నియమం. తిరుగు చిరునామా 4 బైట్లే, జత కోసం ఇంకో 4" అన్నాడు. నియమం రాసి ఉంది, కారణమూ ఉంది. నా వెటకారం మళ్లీ వృథా.

అసలు సంగతి తర్వాత తెలిసింది. వారపు రిపోర్టు పంపే ఫంక్షన్ 512 బైట్ల పట్టీ అడిగింది. దాని ప్రోలాగ్ ఐదు రిజిస్టర్లను 20 బైట్లలో దాచి, స్టాకు గుర్తును ఇంకో 516 కిందికి జరిపింది. మొత్తం 536. అంత చోటు ఉందా అని చూసే ఆజ్ఞ మాత్రం లేదు! కేటాయింపు చూడకుండా బిల్లు పాస్ చేస్తే మా ఆఫీసులో మెమో వచ్చేది. తర్వాత వచ్చిన ఎం33లో స్టాకు హద్దును కాపలా కాసే రిజిస్టరు పెట్టారట. మా చిప్‌లో అది లేదు.

జీసీసీ కంపైలర్‌ను అడిగితే ఏ ఫంక్షన్‌కు ఎన్ని బైట్లో పట్టిక ఇస్తుంది. అది నాకు తెలిసిన భాష. పిలుపుల వరసలో కూడాను: 16, 40, 536, 296, 96. మొత్తం 984, హద్దులోనే ఉంది. కానీ సరిగ్గా ఆ క్షణాన టైమర్ అంతరాయం వస్తే చిప్ తనంతట తాను 32 బైట్లు దాస్తుంది, ఆ ఫంక్షన్‌కు ఇంకో 24. మొత్తం 1040. పదహారు బైట్లు ఎక్కువ. స్టాకు కిందికి పెరుగుతుంది కాబట్టి ఆ పదహారూ శాశ్వత ఖాతాల మీద పడ్డాయి. ట్యాంకు నిండు మట్టం దాచిన అంకె అక్కడే ఉంది. అంతరాయం ఆ క్షణానే రావాలి గనక ప్రతి వారమూ పారలేదు.

మరి మంగళవారమే ఎందుకు? రిపోర్టు బిగించిన రోజు నుంచి ఏడేసి రోజులకు వెళ్తుంది. బిగించింది మంగళవారం.

పట్టీని 128కి తగ్గించాడు, నీళ్లు పారడం ఆగింది. తర్వాతి మీటింగులో, వాచ్‌మన్ గీతలు నిజమేనని, నేను చూడకుండా మాట్లాడానని ఒప్పుకున్నాను. "అయితే బుధవారం బిగిస్తే సరిపోయేదిగా అన్నయ్యగారూ?" అంది ఒకావిడ.

"బుధవారాలు పారేవమ్మా" అన్నాను.