ఆటపెట్టెలో అక్షరాలు

కొన్ని వస్తువులు ఒక పేరుతో ఇంట్లో అడుగుపెట్టి, మరొక పనిలో స్థిరపడతాయి. హార్లిక్స్ సీసా కొన్నాళ్ళకు ఆవాల సీసా అవుతుంది. అమ్మ పాత నేతచీర మనుమడికి ఉయ్యాల అవుతుంది. కుట్టుమిషను బల్ల పిల్లవాడికి చదువుబల్ల అవుతుంది. తయారుచేసినవాడు పెట్టిన పేరు అట్టపెట్టె మీదనే ఉండిపోతుంది. వాడుకునేవారి అవసరం పెట్టిన పేరే ఇంట్లో నిలుస్తుంది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చిన వీడియో గేమ్ యంత్రం విషయంలో ఈ సంగతి నాకు బాగా అనుభవానికి వచ్చింది.

ఆ యంత్రం పేరు ప్లేస్టేషన్ 2. సోనీ సంస్థ దానిని 2000 మార్చి 4న జపానులోనూ, అదే సంవత్సరం అక్టోబరు 26న అమెరికాలోనూ విడుదల చేసింది. జపానులో వెల 39,800 యెన్లు. అమెరికాలో 299 డాలర్లు. అది తన ఆటలనే కాక, అంతకు ముందు 1994లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ ఆటలను కూడా ఆడించేది. పాటల సీడీలు వినిపించేది. అన్నిటికీ మించి, అప్పుడప్పుడే ప్రచారంలోకి వస్తున్న డీవీడీ సినిమాలను చూపించేది. సీడీలో సుమారు 650 మెగాబైట్ల సమాచారం పడితే, ఒక పొర ఉన్న డీవీడీలో 4.7 గిగాబైట్లు పడుతుంది. అంటే దాదాపు ఏడు రెట్లు. అందుచేత మంచి నాణ్యత గల బొమ్మతో పూర్తి సినిమా ఒకే బిళ్ళలో ఇమిడిపోయేది. జపానులో తొలినాళ్ళలో ఆ యంత్రానికి చెప్పుకోదగ్గ ఆటలు తక్కువ; సినిమాలు చూడడానికే దానిని కొన్నవారు ఎందరో ఉన్నారు. గేమ్ యంత్రాల వ్యాపారంలో యంత్రం మీద లాభం తక్కువ చూసుకుని, ఆటల మీద రాబట్టుకోవడం మామూలు. ఆ లెక్క పుణ్యమా అని సినిమా చూపించే సాధనం కొనేవారికి అందుబాటు ధరలో దొరికింది.

నిజానికి ఇలాంటి ప్రయత్నాలు అంతకు ముందే జరిగాయి. 1991లో ఫిలిప్స్ సంస్థ సీడీ-ఐ అనే యంత్రాన్ని తెచ్చింది. 1993లో 3డీఓ అనే మరొకటి అమెరికాలో 699 డాలర్లకు వచ్చింది. ఆ రోజులలో 'మల్టీమీడియా' అన్నది మంత్రం లాంటి మాట. విజ్ఞాన సర్వస్వం, సంగీతం, చలనచిత్రం, ఆట, అన్నీ ఒకే పెట్టెలో అన్నారు. కాని ఆ పెట్టెలు ఎక్కువ కాలం నిలవలేదు. ఆట ఆడించే యంత్రంగా వచ్చిన ప్లేస్టేషన్ 2 మాత్రం, సోనీవారి లెక్క ప్రకారమే, 16 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దీనికి వ్యాపార కారణాలు అనేకం ఉండవచ్చు. సంసారి దృష్టిలో నాకు తోచే కారణం ఒకటుంది. మల్టీమీడియా కావాలని ఏ ఇంట్లోనూ ఎవరూ మారాం చెయ్యరు. ఆట కావాలని పిల్లవాడు మారాం చేస్తాడు. ఆ దారిన లోపలికి వచ్చిన యంత్రం తక్కిన వాళ్ళకు ఏ విధంగా అక్కరకు వస్తుందన్నది తరువాతి సంగతి.

మా ఇంటికి అది 2004 వేసవిలో వచ్చింది. దుబాయిలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు సెలవుకు రాజమండ్రి వస్తూ, పన్నెండేళ్ళ మా అబ్బాయి కోసం తెచ్చాడు. మా నాన్నగారికి అప్పటికి డెబ్భైఒకటో ఏడు. ముప్పైమూడేళ్ళు ఉన్నత పాఠశాలలలో ఇంగ్లీషు బోధించి విశ్రాంతి తీసుకుంటున్నారు. నల్లని ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ డబ్బుతో నిఘంటువు కొంటే మూడు తరాలకు పనికొచ్చేది" అన్నారు. మా తమ్ముడు నవ్వి ఊరుకున్నాడు. జవాబు చెప్పినా ఆయనకు వినబడదు.

నాన్నగారికి యాభై దాటుతూండగా చెవుడు మొదలైంది. అరవై వచ్చేసరికి పూర్తిగా ముదిరింది. చెవిలోని శంఖం ఆకారపు భాగంలో సన్నని కేశకణాలు ఉంటాయి. శబ్ద తరంగాలను నాడీ సంకేతాలుగా మార్చేవి అవే. అవి ఒకసారి నశిస్తే మనుషులలో తిరిగి పుట్టవు. అందువల్ల చెవిలో పెట్టుకునే పరికరం ధ్వనిని పెంచగలదే గాని, మాటకూ మాటకూ మధ్య ఉండే స్పష్టతను తిరిగి ఇవ్వలేదు. నాన్నగారు దానిని ఒక్క వాక్యంలో చెప్పేవారు: "చప్పుడు పెద్దదవుతోంది గాని మాట దగ్గరికి రావడం లేదు." ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడితే పెదవుల కదలికను బట్టి చాలావరకు గ్రహించేవారు. సినిమాహాలుకు వెళ్ళడం మాత్రం ఏనాడో మానేశారు. ఇంట్లో అందరం టీవీ ముందు చేరి నవ్వుకుంటూంటే, ఆయన వీధి అరుగు మీద దినపత్రిక రెండోసారి చదువుకునేవారు. ఎందుకు నవ్వామో మేము తరువాత చెప్పేవాళ్ళం. తరువాత చెప్పిన హాస్యం చల్లారిన కాఫీ వంటిది, పారబోయలేక తాగడమే.

ఆ వర్షాకాలంలో ఒక ఆదివారం మా అబ్బాయి అద్దెకు తెచ్చిన తెలుగు సినిమా డీవీడీని ఆటపెట్టెలో పెట్టాడు. కంట్రోలరు మీద సెలెక్ట్ అనే మీట నొక్కితే తెరమీద చిన్న పట్టిక వస్తుంది. అందులో ఏ గుర్తుకు ఏమవుతుందో చూడడం వాడికి సరదా. ఒక గుర్తు దగ్గర ఆగి నొక్కగానే, బొమ్మ అడుగున ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. మాకు తెలుగు వినబడుతూనే ఉంది కనుక వాటిని తీసెయ్యమని మా ఆవిడ అంది. వాడు తీయబోతూండగా గుమ్మం దగ్గర నుంచి, "ఉండనియ్" అన్న మాట వినవచ్చింది. మంచినీళ్ళ కోసం లోపలికి వచ్చిన నాన్నగారు చెంబు పట్టుకుని అక్కడే నిలబడి చదువుతున్నారు. మా అబ్బాయి కుర్చీ తెచ్చి వేశాడు. ఆ రోజు హాస్యనటుడు మాట విసిరినప్పుడు నాన్నగారు మాకంటే అరక్షణం ముందే నవ్వారు. అక్షరం మాటకంటే ముందుగా తెరమీదికి వచ్చేది మరి!

ఆ అక్షరాలు ఎవరికోసం రాసినవి? మా నాన్నగారి కోసం కాదు. విదేశాలలో పుట్టి పెరిగి, తెలుగు సగమే అర్థమయ్యే పిల్లల కోసం, తెలుగు రాని ఇతరుల కోసం రాసినవి. డీవీడీలకు ప్రపంచాన్ని మండలాలుగా విభజించి సంఖ్యలు ఇచ్చారు. భారతదేశం 5, గల్ఫ్ దేశాలు 2. ఒక మండలం బిళ్ళ మరొక మండలం యంత్రంలో ఆడదు. కాని ప్రవాసులను ఉద్దేశించి తయారైన తెలుగు డీవీడీలలో చాలావాటికి ఈ కట్టుబాటు ఉండేది కాదు. ఎక్కడి యంత్రంలోనైనా ఆడేవి. ఇంగ్లీషు అక్షరాలు ఉన్నవీ ఎక్కువగా అవే. ఎక్కడో న్యూజెర్సీలోని మనుమరాలి కోసం సిద్ధం చేసిన సదుపాయం గోదావరి ఒడ్డున ఒక తాతగారికి అందింది.

అప్పటినుంచి ఆయన సినిమా చూసే పద్ధతే వేరు. పెదవులు తెలుగులో కదులుతూంటాయి. అక్షరాలు ఇంగ్లీషులో వస్తూంటాయి. ఆ రెండింటినీ కలిపి లోపల ఒక తెలుగు వాక్యం తయారుచేసుకునేవారు. పెదవి 'వదినా' అంటుంది. కింద 'సిస్టర్-ఇన్-లా' అని ఉంటుంది. మరదలికీ అదే మాట, తోడికోడలికీ అదే మాట, ఆడపడుచుకూ అదే మాట. "నలుగురు మనుషులను ఒక్క గదిలో కుక్కేశాడు" అని విసుక్కునేవారు. పాత రికార్డు పుస్తకం ఒకటి తీసి, అనువాదం తప్పిన చోటల్లా ఎర్రసిరాతో సవరించేవారు. ఉద్యోగ విరమణ తరువాత పద్నాలుగేళ్ళకు దిద్దడానికి ఆయనకు మళ్ళీ పేపర్లు దొరికాయి.

ఆ అక్షరాలకు లోపాలూ ఉండేవి. చెవులు పనిచేసేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినవి కాబట్టి, వాటిలో మాటలే తప్ప చప్పుళ్ళు ఉండవు. కథానాయిక హఠాత్తుగా తలుపువైపు తిరిగితే, ఎవరో తలుపు తట్టారని మనకు తెలుస్తుంది, చెవిటివారికి తెలియదు. ఆ లోటు మా అబ్బాయి తీర్చేవాడు. తలుపు చప్పుడైతే గాలిలో పిడికిలితో తట్టేవాడు. ఫోను మోగితే చెయ్యి చెవి దగ్గర పెట్టేవాడు. ఉరిమితే రెండు చేతులూ పైకెత్తేవాడు. ఇక పాటలు వచ్చినప్పుడు చాలా బిళ్ళలలో అక్షరాలు పూర్తిగా మాయమయ్యేవి. పాత సినిమా అయితే నాన్నగారికి దానితో ఇబ్బంది లేదు. పాటలు ఆయనకు ముందే వచ్చు. కళ్ళు మూసుకుని వేళ్ళతో కుర్చీచేతి మీద తాళం వేసేవారు. ఒక్కొక్కసారి ఆ తాళం తెరమీది పాటతో సరిగ్గా కలిసేది.

డీవీడీలో ఈ ఉపశీర్షికల ఏర్పాటు ఎంత చక్కనిదో నాకు ఆ తరువాత తెలిసింది. అక్షరాలు బొమ్మ మీద అచ్చువేసినవి కావు. పారదర్శకమైన పొర మీద గీసిన చిత్రాల వలె అవి విడిగా ఉంటాయి. కావలసినప్పుడు యంత్రం వాటిని బొమ్మ మీద పరుస్తుంది, అక్కరలేనప్పుడు తీసేస్తుంది. ఒక బిళ్ళలో 8 భాషల ధ్వనికీ, 32 భాషల అక్షరాలకూ చోటుంది. అవి చిత్రాలుగానే ఉంటాయి గనుక లిపి ఏదైనా అడ్డులేదు. తెలుగు గుణింతాలూ ఒత్తులూ నిక్షేపంగా చూపవచ్చు. అయినా ఆరేళ్ళలో మా ఇంటికి వచ్చిన తెలుగు బిళ్ళలలో తెలుగు అక్షరాలున్నది ఒక్కటీ కనబడలేదు. ముప్పైరెండు గదులున్న ఇంట్లో ఇంటివారికే ఒక గది లేకపోయింది. నాన్నగారికి ఇంగ్లీషు వచ్చు కాబట్టి ఆయనకు సాగింది. అదే చెవుడు ఉండి, తెలుగు మాత్రమే చదవగలిగిన మా పెద్దత్తయ్య ఆ తెర ముందు కూర్చుని, కాసేపటికి లేచి వెళ్ళిపోయేది.

నాన్నగారు 2010లో కాలం చేశారు. ప్లేస్టేషన్ 2 ఉత్పత్తి 2013 జనవరి నాటికి నిలిచిపోయింది. ఈలోగా 2006లో బ్లూరే బిళ్ళలతో మూడో యంత్రం వచ్చింది. 2013లో వచ్చిన నాలుగో యంత్రం పాటల సీడీలను వినిపించదు. 2020లో వచ్చిన అయిదో యంత్రంలో ఒక రకానికి బిళ్ళ పెట్టే చోటే లేదు. ఆటయినా సినిమా అయినా ఇంటర్నెట్ ద్వారానే రావాలి. ఏ సదుపాయం ఉంచాలో, ఏది తీసివేయాలో తయారీదారు తన లెక్కలను బట్టి నిర్ణయించుకుంటాడు. అందులో ఆశ్చర్యం లేదు. కాని ఒక మీటను రోజుకు ఎందరు నొక్కారన్న లెక్క, ఆ మీట ఎవరికి చెవి అయిందో చెప్పదు. ఇష్టానికి నొక్కినవాడూ ఒకటే, అది లేకపోతే ఇంటివారి నవ్వుకు దూరమయ్యేవాడూ ఒకటే.

అందుకే దీనిని వ్యాపారుల దయకు మాత్రమే విడిచిపెట్టకుండా మన దేశంలో చట్టం చేశారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, దృశ్య శ్రవణ మాధ్యమాలలో వినికిడి లేనివారికి అక్షరాలూ సంజ్ఞాభాషా, చూపు లేనివారికి దృశ్య వర్ణనా ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని చెబుతోంది. సినిమాహాళ్ళలో ప్రదర్శించే చిత్రాల విషయమై 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శక సూత్రాలు కూడా వెలువరించింది. చట్టం తెరమీదికి రావడానికి సమయం పడుతుంది. ఆలోగా అడగవలసినవారు అడుగుతూనే ఉండాలి.

ఈనాటికీ మా బంధువులలో ఎవరైనా కొత్త టీవీగాని, గేమ్ యంత్రంగాని కొనబోతే నన్ను తోడు రమ్మంటారు. పిల్లలు ఆటలు ఎన్ని ఉన్నాయని అడుగుతారు. పెద్దలు వాయిదాల సంగతి అడుగుతారు. నేను రెండే ప్రశ్నలు వేస్తాను. సినిమా చూసేటప్పుడు అక్షరాలు వస్తాయా? అవి తెలుగులో వస్తాయా? మొదటి ప్రశ్నకు కొట్టులోని కుర్రాడు వెంటనే అవునంటాడు. రెండో ప్రశ్నకు మాత్రం నావైపు ఒక క్షణం చూసి, ఎంతో మర్యాదగా, "తెలుగు సినిమాకు తెలుగు అక్షరాలు ఎందుకండీ?" అని అడుగుతాడు.