సీతవాగు రాయి, రాగి దిమ్మ

భద్రాచలం నుంచి పర్ణశాల 35 కిలోమీటర్లు. దుమ్ముగూడెం మీదుగా బస్సు వెళుతుంటే గోదావరి కాసేపు కనిపిస్తుంది, కాసేపు చెట్ల చాటున దాక్కుంటుంది. మా మేనల్లుడికి మాత్రం ఇవేవీ పట్టలేదు. సంచీలోంచి అరచేతిలో ఇమిడే రాగి దిమ్మ ఒకటి తీయడం, అందులో మొహం చూసుకోవడం, ఉసూరుమంటూ మళ్ళీ లోపల పెట్టుకోవడం. దారి పొడుగునా ఇదే వరస.

వాడిది కంప్యూటరులో బొమ్మల సినిమాలు చేసే పని. యంత్రం వేడెక్కి ఆగిపోయిందా, ఆ రాత్రి పని గోదారిపాలే. అందుకని జీతం కూడబెట్టి, నీళ్ళతో చల్లబరిచే సరంజామా కొన్నాడు. ప్రాసెసరు నెత్తిన ఈ రాగి దిమ్మ కూర్చుంటుంది. దానిలో నీళ్ళు పారి వేడిని మోసుకుపోతాయి. అయితే రెండు లోహాలు ఎంత నున్నగా కనబడినా, తాకేది మిట్టల మీదనే. పల్లాల్లో గాలి నిలుస్తుంది. రాగి మోసే వేడిలో గాలి పదివేలో వంతు కూడా మోయలేదు. ఆ సందులు పూడ్చడానికే మధ్యన పేస్టు రాస్తారు. అదీ రాగికి సాటిరాదు గనుక, పొర ఎంత పలచనైతే అంత మేలు.

ఇది తెలిసి మావాడు దిమ్మను వాటర్ పేపరు మీద, 400 నంబరు మొదలు 2000 దాకా, నాలుగు రాత్రులు రుద్దాడు. అద్దమయింది. వేడి తగ్గకపోగా నాలుగు డిగ్రీలు పెరిగింది!

కుటీరమూ, బంగారు లేడి, సన్యాసి వేషంలో రావణుడి బొమ్మలూ చూసుకుని సీతవాగు దగ్గరకు వచ్చాం. బండలమీది చారలు చూపి, సీతమ్మవారు నారచీరలు ఆరవేసిన గుర్తులంటారు. పసుపు, ఎరుపు రాళ్ళు ఆమె పసుపుకుంకాలట. ఒక ముసలమ్మ ఎర్రరాయిని తడిబండ మీద అరగదీసి నాకు బొట్టు పెట్టింది. మావాడు తానూ రుద్దుతానని కూర్చుని, బలమంతా పెట్టి ముందుకూ వెనక్కూ లాగాడు.

“ఒత్తమాక బిడ్డా! రాయి ఊగుతాంది, అంచులు పోతయ్. బండ నడుమ గుంట పడుద్ది. తిప్పుకుంటా తేలిగ్గా రుద్దు” అంది ముసలమ్మ.

వాడు రాయి తిరగేశాడు. బోర్లించిన మూకుడులా ఉంది. గబగబా సంచీలోంచి దిమ్మ తీసి, దానిమీద స్టీలు స్కేలు అంచు నిలబెట్టి ఎండకేసి పట్టాడు. మధ్యలో చీకటి, రెండు కొసల్లోనూ సన్నని వెలుగు.

మెరుపు వేరు, చదును వేరు. గుళ్ళో గంధపు సాన చూడండి: ఎంత నునుపో అంత గుంట. రెండు రాళ్ళు ఒరుసుకుంటే ఒకటి గుంటగా, రెండవది ఉబ్బుగా తయారై, చక్కగా అతికినట్టే కనిపించి మోసం చేస్తాయి. లోహాలను చదును చేయడం గురించి 1840లో గ్లాస్గోలో పత్రం చదివిన జోసెఫ్ విట్‌వర్త్ వాడిన ఉపాయం మూడు పలకలు. మార్చి మార్చి జతపరిస్తే, ఏ రెంటిని కలిపినా అతకడం మూడూ చదునైనప్పుడే సాధ్యం.

అందరికీ మూడు పలకలెక్కడివి? దళసరి అద్దం మీద కాగితం పరిచి, దిమ్మమీద సిరాగీతలు గీసి, బరువు వేయకుండా, కొన్ని రుద్దులకోసారి పావు మలుపు తిప్పాలి. గీతలు అంతటా ఒక్కసారే చెరిగితే దారిలో ఉన్నట్టు. ఇంకో తిరకాసు: కొన్ని దిమ్మలను తయారీదారులే బుద్ధిపూర్వకంగా మధ్యన రవ్వంత ఉబ్బుగా వదులుతారు, బిగించినప్పుడు ప్రాసెసరు నడుమ బాగా నొక్కుకోవాలని. అలాంటివాటి జోలికి పోకపోవడమే ఉత్తమం.

మూడు వారాలకు ఫోను చేశాడు. “మామయ్యా, ఆరు డిగ్రీలు దిగింది!”

అంటే, కొన్ననాటికంటే రెండు డిగ్రీల లాభం. “ఇంతకోసమా ఇన్ని రాత్రుళ్ళు?” అన్నాను.

“ఇక ప్రాసెసరు మూత కూడా రుద్దేస్తే...”

“గ్యారంటీ పోదుట్రా?”

“పోతుంది.”

ఫోను వాళ్ళమ్మకు ఇమ్మన్నాను.