వినయం వచ్చింది, అడగడం?

వాణిజ్య విద్యార్థులకు బిజినెస్ కమ్యూనికేషన్ బోధించే తీరు చాలా మారింది. లాంగ్వేజ్ ల్యాబ్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉచ్చారణ దిద్దుకుంటున్నారు. బృంద చర్చలనూ నమూనా ఇంటర్వ్యూలనూ ఫోన్‌లో చిత్రీకరించి తమ తప్పులు తామే చూసుకుంటున్నారు. మంచిదే. తరగతిలో నోరు విప్పే అవకాశం మా తరానికి ఇంతగా లేదు.

అయితే ఇప్పుడు చాట్‌జీపీటీని అడిగితే వ్యాపార లేఖ క్షణాల్లో సిద్ధమవుతోంది. సంబోధన, వినయం, ముగింపు వాక్యం, ఇన్నాళ్లూ మార్కులు తెచ్చిపెట్టినవన్నీ యంత్రానికి వచ్చేశాయి. ఎవరిని, ఏమి, ఏ హక్కుతో అడగాలన్నది మాత్రం రాసేవారికే తెలిసి ఉండాలి.

అందుకే అతిథి ఉపన్యాసాలకు వెళ్లినప్పుడు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాయిస్తాను. ‘మా నాన్న కొట్టు లైసెన్సు ఎందుకు ఆపారు?’ అని రాస్తే లాభం లేదు. ‘ఎందుకు’ను దాటవేయడంలో మన కార్యాలయాలు ఆరితేరాయి లెండి. దస్త్రం ఏ తేదీన ఏ అధికారికి చేరింది, దానిపై ఆయన రాసిన వ్యాఖ్యల నకలు ఇవ్వండి అని అడగాలి. అప్పుడు సాధారణ గడువు 30 రోజులు. స్పష్టతకు ఇంతకన్నా గట్టి అభ్యాసం నాకు తెలియదు.

తెలుగులో రాయవచ్చా అని తప్పక ఎవరో అడుగుతారు. రాయవచ్చు. ఆ చట్టం 6వ సెక్షన్ స్థానిక అధికార భాషను అనుమతిస్తుంది. వినతిపత్రాల విషయంలో రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చిన హక్కు ఇంకా పాతది.

నేను చూసిన పాఠ్యపుస్తకాల్లో ఫిర్యాదు లేఖ నమూనా ఉంది. అది ప్రతిసారీ పగిలిన సరుకు పంపిన వ్యాపారికే.