క్లైవు గారి ఐర్లండు

భీమవరం చుట్టూ ఈ వరిచేలు, చేపల చెరువులు చూస్తుంటే నాకెందుకో రాబర్ట్ క్లైవు గుర్తొస్తాడు. 1765లో మొగలు పాదుషా ఫర్మానాతో ఉత్తర సర్కారులను, అంటే మా డెల్టానూ, కుంఫిణీకి రాయించుకున్నది ఆయనే. అంతకుముందు 1758 డిసెంబరులో, పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లను ఓడించింది మాత్రం ఆయన పంపిన కల్నల్ ఫోర్డ్. ఫోర్డ్ ఐర్లండులో పుట్టినవాడు. 1762లో ఐర్లండు ప్రభువు బిరుదు దక్కిందేమో ఇంగ్లీషువాడైన క్లైవుకు! క్లేర్ కౌంటీలో ఎస్టేటు కొని, దానికి ప్లాసీ అని పేరు పెట్టుకున్నాడు. అదేం సరదానో! ఐరిష్ బిరుదైతే లండన్ కామన్స్ సభలో సీటు పోదు, అదో వెసులుబాటు.

1753లో మద్రాసులో మార్గరెట్‌ను పెళ్లాడాడు. వాళ్ల కొడుకు ఎడ్వర్డు 1798లో అదే మద్రాసుకు గవర్నరై వచ్చాడు. మన జమీందారీలకు శాశ్వత పేష్కషు ఖాయంచేసిన 1802 నాటి చట్టం ఆయన హయాములోదే. తండ్రి రాయించుకున్న నేల మీద కొడుకు లెక్క తేల్చాడన్నమాట. ఇంటికెళ్లాక, 1804లో ఆయనకు పోవిస్ ఎర్ల్ హోదా వచ్చింది.