పళ్ళకు తీరికేదీ?

పిల్లాడు రెండో అరిసె మీద చెయ్యి వేస్తే చాలు, "పళ్ళు పుచ్చిపోతాయిరా" అని కసురుతాం. కసిరిన పెద్దమనిషి మాత్రం పొద్దుటి నుంచీ చక్కెర టీ గుక్క గుక్కగా చప్పరిస్తూనే ఉంటాడు. నన్నడిగితే ఆ ఇద్దరిలో జాలిపడాల్సింది పెద్దాయన పళ్ళ మీదే.

పంటి పాచిలో కాపురమున్న సూక్ష్మజీవులు మనం తిన్న తీపి తిని ఆమ్లం వదులుతాయి. దాంతో నోటి పీహెచ్ 5.5 కన్నా దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. ఆ పీహెచ్‌ను మళ్ళీ పైకి తెచ్చే పని లాలాజలానిది. అందుకు అరగంటో, ఆపైనో కావాలి. ఈలోగా ఇంకో గుక్క పడిందా, కథ మళ్ళీ మొదటికే. అరిసెలు నాలుగూ ఒక్క పూటే తిని నోరు పుక్కిలించినవాడికి దెబ్బ ఒక్కసారే.

ఈ సంగతి గట్టిగా తేలింది స్వీడన్‌లో, లుండ్ పక్కనున్న వీపెహోల్మ్ ఆస్పత్రిలో. 1940ల్లో అక్కడి బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళకు రకరకాలుగా తీపి పెట్టి పళ్ళు పరీక్షించారు. భోజనంతో పాటు చక్కెర తిన్నవాళ్ళకు పెద్దగా పుచ్చలేదు. భోజనానికీ భోజనానికీ మధ్య బంక టాఫీలు నమిలినవాళ్ళ పళ్ళు మాత్రం పాడైపోయాయి. వద్దనడం తెలియనివాళ్ళ నోళ్ళు పాడుచేసి నేర్చుకున్న చదువు అది. సిగ్గుచేటే, అయినా నిజం.

బంక అంటే మనకు తిరనాళ్ళ జీళ్ళున్నాయి. దవడ పంటి గుంటలో ఇరుక్కున్న జీడి నాలుకతో ఎంత కెలికినా రాదు, చివరికి గోరే దిక్కు. అయితే అది ఏడాదికోసారి ముచ్చట. ఇరానీ చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్ రోజువారీ వ్యవహారం. కరిగిపోయిందనుకుంటాం గానీ, ఆ పిండి ముద్ద అవే గుంటల్లో సర్దుకుని కూర్చుంటుంది. కారం చిప్స్‌దీ అదే దారి. తీపి కాదు కదా అని దాన్ని ఎవరూ అనుమానించరు.

పులుపు సంగతి వేరు. దానికి సూక్ష్మజీవులతో పనిలేదు, నేరుగా తనే ఎనామిల్‌ను మెత్తబరుస్తుంది. పచ్చి మామిడి ముక్కలు ఉప్పూ కారం అద్దుకుని తిని, పళ్ళు పులిశాయని వెంటనే బ్రష్ పట్టుకోకూడదు. నీళ్ళతో పుక్కిలించి, తోమడం ఓ అరగంట ఆగాక.

వీపెహోల్మ్ తర్వాత స్వీడన్‌లో పిల్లలకు మిఠాయి శనివారమే అన్న అలవాటు పాతుకుపోయింది. మనకూ శనివారం వెంకన్న ఒకపొద్దు ఉంది. ఆ రోజు మానేది అన్నం ఒక్కటే. పాలు, అరటిపండు, ఉప్మా, కాసేపాగి ఇంకో పండు... మిగతా ఆరు రోజుల కన్నా ఆ రోజే నోరు ఎక్కువ ఆడుతుంది.