ఉక్కునగరపు ఋణము

క్వీన్స్‌లాండ్ రాష్ట్రమున మకాయ్ పట్టణమునకు దక్షిణముగా హే పాయింట్ అను రేవు ఉన్నది. తీరమునుండి కడు దూరము సముద్రములోనికి సాగిపోయిన జెట్టీల చివర ఓడలు నిలిచి, బోవెన్ బేసిన్ గనులనుండి రైళ్లపై వచ్చిన కోకింగ్ బొగ్గును రాత్రింబవళ్లు నింపుకొనుచుండును. విశాఖ ఉక్కు కర్మాగారము తన కోకింగ్ బొగ్గులో అధికభాగమును ఆస్ట్రేలియానుండియే తెప్పించుకొనును గనుక, ఆ రేవు మీదుగా పోవునప్పుడెల్ల ఇది పరాయిదేశమను భావము నాలో కొంత సడలును. నేను ఆ కర్మాగారపు నివాసనగరమైన ఉక్కునగరపు సెక్టారులలో పెరిగినవాడను. నా తండ్రి ఇంటికి తెచ్చిన జీతము, ఆ జీతముతో నేను చదివిన చదువు, ఆ చదువువలన ఇచ్చట లభించిన ఇంజినీరు ఉద్యోగము, ఇవి యన్నియు నేను పుట్టకమునుపు విశాఖ వీధులలో నిలిచిన కొందరు యువకుల పట్టుదలవలన కలిగినవే.

దేశనిర్మాణములో యువత పాత్రనుగూర్చి ఉపన్యాసములు వినునప్పుడు నాకు 1966వ సంవత్సరమే స్మరణకు వచ్చును. ఉక్కు కర్మాగారమునకు విశాఖయే తగిన చోటని ఆంగ్ల, అమెరికన్ నిపుణుల బృందము చెప్పిన పిమ్మటను కేంద్రప్రభుత్వము తాత్సారము చేయగా, అక్టోబరులో టి. అమృతరావుగారు విశాఖలో నిరాహారదీక్షకు పూనుకొనిరి. తెన్నేటి విశ్వనాథముగారి వంటి పెద్దలు ముందు నడిచిరి. విద్యార్థులు తరగతులు విడిచి వీధులలోనికి వచ్చిరి. ఆంధ్రప్రదేశ్ అవతరించి సరిగా పదేండ్లు నిండిన నవంబరు 1వ తేదీననే విశాఖలో పోలీసు కాల్పులు జరిగినవి. ఆ ఉద్యమమున తెలుగునేలమీద 32 మంది ప్రాణములు కోల్పోయిరని నేటికిని స్మరించుకొనుచున్నాము. ఆ దినములలో రైల్వే ఆస్తులకు జరిగిన నష్టమును మాత్రము నేను శ్లాఘింపజాలను. ప్రజాధనమును దగ్ధము చేయుట ఏ తరమునకును పౌరధర్మము కానేరదు. అయినను ఆ యువకులు కోరినది తమకొక ఉద్యోగము కాదు, తమ ప్రాంతమున ఒక నిర్మాణము. ఇందిరాగాంధీగారు 1970 ఏప్రిల్‌లో పార్లమెంటునందు ప్రకటన చేసి, 1971 జనవరి 20న శంకుస్థాపన చేసిరి. గోదావరి యను పేరుగల తొలి బ్లాస్ట్ ఫర్నేస్ పనిచేయ నారంభించినది 1990లో. ఇరువదేండ్ల వయసున “విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు” అని నినదించిన విద్యార్థికి అప్పటికి నలుబది దాటినవి. తాను అనుభవింపబోని ఫలమునకై పాటుపడుటయే ఉత్తమ పౌరత్వమని నేను నమ్ముదును.

కాని ఈ కథలో త్యాగము చేసినవారు ఉద్యమకారులు మాత్రమే కారు. కర్మాగారమునకై 64 గ్రామములు ఖాళీ యయినవి. నిర్వాసితుల కాలనీలో ఒక వృద్ధురాలు నాకు తన ఇంటి ఆర్ కార్డు, అనగా నిర్వాసిత కుటుంబమునకిచ్చిన పునరావాసపు కార్డు, చూపినది: అంచులు నలిగి, మడతలవద్ద చినిగి, వెనుక కాగితమంటించిన ఆ కార్డుపై పెనిమిటి పేరు సగము చెరిగిపోయి యున్నది. కొడుకునకు ఉద్యోగము వచ్చునని దాచినది, ఇప్పుడు మనుమనికై దాచుచున్నది. ఆర్ కార్డు గలవారందరికిని కర్మాగారములో కొలువులు దక్కలేదు. మా క్వార్టరు ముందున్న వేపచెట్ల నీడ ఎవరి పొలముమీద పడినదో మాకు బడిలో ఏ పాఠమునను చెప్పలేదు, చెప్పియుండవలసినది.

2021 జనవరిలో ఈ సంస్థయందలి ప్రభుత్వ వాటాను నూటికి నూరుపాళ్లు విక్రయించుటకు కేంద్రము సూత్రప్రాయముగా సమ్మతించినది. అందుకు నిరసనగా కూర్మన్నపాలెము కూడలిలో దీక్షాశిబిరము వెలసినది. అది నడుచుచుండగనే కోవిడ్ రెండవ విడత దేశమును ముంచెత్తినది. ఇనుమును ఉక్కుగా మార్చు కన్వర్టరులలోనికి ఊదుటకై కర్మాగారము గాలినుండి ప్రాణవాయువును వేరుచేసికొనును. ద్రవరూపమున దానినే ఆసుపత్రులకు పంపవచ్చును. ఏప్రిల్ 22న ఏడు ట్యాంకర్ల ద్రవ ఆక్సిజన్‌తో మహారాష్ట్రకు కదలిన తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ విశాఖ ఉక్కునుండి బయలుదేరినదే. తమ బ్రతుకుతెరువే ప్రశ్నార్థకమైయున్న వేళ, డ్యూటీ మానక, ఎన్నడును చూడని నాగపూరు, నాసిక్ రోగులకై ఆ ట్యాంకర్లు నింపిన కార్మికులకంటె దేశభక్తులను నేను వేరే వెదుకను.

నేనున్న క్వీన్స్‌లాండ్‌లో తుపానుల కాలమున స్టేట్ ఎమర్జెన్సీ సర్వీసు యువకులు నారింజరంగు దుస్తులు ధరించి, ఉద్యోగముల వేళలు ముగిసిన పిమ్మట ఇసుకబస్తాలు నింపి పొరుగిండ్లకు చేర్చుచుందురు. వారికి జీతము లేదు, ఫ్లెక్సీలు లేవు. ముందే శిక్షణ పొంది, పిలువగనే వచ్చెదరు. 1966నాటి ఆవేశమునకు ఈ నిలకడగూడ తోడైనచో మన యువత చేయలేని కార్యముండదు. 2025 జనవరిలో కేంద్రము ఈ కర్మాగారమునకు 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించినది. అది ఊరట, సొంత ఇనుపగనులు లేని లోటు మాత్రము అట్లే యున్నది. ఆ గనులను అడుగవలసినది, లెక్కలతో వాదింపవలసినది నేటి ఇంజినీరింగు విద్యార్థులు.

ఉక్కునగరములో పెరిగి దేశదేశముల స్థిరపడిన మిత్రులారా, మనకును ఒక పని యున్నది. సెలవులకు విశాఖ వెళ్లినప్పుడు బీచ్ రోడ్డుతోపాటు ఒక ఆదివారము అగనంపూడివైపో, పెదగంట్యాడవైపో పొండు. ఆర్ కార్డు గల పెద్దలవద్ద కూర్చుండి, లేకుండపోయిన వారి ఊరి పేరు, గుడి, చెరువు, పంటలు అడిగి వ్రాసికొనుడు. మీ బిడ్డలచేతనే వ్రాయింపుడు. ఆ ఇంట ఐటీఐయో, డిప్లొమాయో చదువుచున్న పిల్ల యుండిన ఆమె ఫీజు మీరు కట్టుడు. ఆ పెద్దలు నేడు కడు వృద్ధులు. దయచేసి వచ్చే యేటికి వాయిదా వేయకుడు.