దయ్యం లేదు సరే, మరి ఏముంది?

దయ్యం పట్టిందని నేను ఏ పిల్లవాడినీ ఎన్నడూ అనలేదు. హేతువాదిని కదా, ఎలా అంటాను? కానీ "మొద్దు" అన్నాను. అందరి ముందూ అన్నాను. ఆ రెండు మాటల మధ్య తేడా ఎంత అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. దయ్యం అన్న నాయనమ్మకు కనీసం మనవడి మీద జాలి ఉంది. మొద్దు అన్న నాకు అదీ లేదు.

మొదటినుంచీ చెబుతాను.

మాది సిరిసిల్ల వైపు. సూరత్‌కు వచ్చి ఖటోదరాలో ఒక బట్టల యూనిట్‌లో లెక్కలు రాసే పనిలో కుదిరాను. ఇక్కడ పవర్‌లూమ్‌ను గుజరాతీలో సంచో అంటారు, మా సిరిసిల్లలో సాంచా అంటాం. మాట కూడా మనతోపాటు వలస వచ్చిందా, మనకంటే ముందే వచ్చి కూర్చుందా అని సరదాగా అనుకునేవాణ్ణి. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నేతవాళ్ళు సూరత్‌లో ఎంతమంది స్థిరపడ్డారంటే ఇక్కడి నగర ప్రాథమిక శిక్షణ సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతోపాటు తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపింది. బడి వదిలాక పిల్లల సంగతే సమస్య. తండ్రి పన్నెండు గంటల షిఫ్టులో ఉంటాడు. తల్లి చీరలకు టిక్కీలు అంటిస్తూ ఉంటుంది. పిల్లలు రోడ్డు మీద ఉంటారు. 2008లో ముగ్గురు మిత్రులం కలిసి ఒక గోదాము పైన గది అద్దెకు తీసుకుని సాయంత్రం 6 నుంచి 8 దాకా చదువు చెప్పడం మొదలుపెట్టాం. హోంవర్కు, లెక్కలు, మధ్య మధ్యలో సైన్సు ప్రయోగాలు. నిమ్మకాయ కోస్తే రక్తం రావడం, కొబ్బరికాయలోంచి మంట రావడం లాంటివి చేసి చూపించేవాళ్ళం. పిల్లలు ఎగిరి గంతేసేవారు. భువాలంటే (ఇక్కడి భూతవైద్యులు) వాళ్ళకు భయం పోవాలని మా ఆశ. నర్మద్ పుట్టిన ఊరు ఇది. సత్యశోధక్ సభ మిత్రులు ఇలాంటి మోసాలు బయటపెడుతూ వచ్చిన ఊరు కూడా. మాకు ఉత్సాహానికి తక్కువ లేదు.

మూడో వరసలో కూర్చునే ఒక పిల్లవాడు ఉండేవాడు. తొమ్మిదేళ్ళు. బోర్డు మీద చూసి రాయమంటే ఒక్క తప్పు ఉండదు, ముత్యాల్లాంటి అక్షరాలు. డిక్టేషన్ చెబితే కాగితం ఖాళీ. పిలిస్తే పలకడు, ఒక్కోసారి పలుకుతాడు. ఏదో అడిగితే ఇంకేదో చెప్పి నవ్వుతాడు. వాళ్ళ నాయనమ్మ ఒకరోజు వచ్చి, "పిలగానికి గాలి తాకింది సారూ, ఉధనా కాడ ఒకాయన కడతడట, తోల్కపోతున్నం" అంది. నేను రెండు గంటలు వాదించాను. గాలి లేదు, ధూళి లేదు, తాయెత్తులో ఉండేది రాగిరేకు అన్నాను. ఆవిడ ఓపిగ్గా అంతా విని, "దయ్యం లేదంటున్నవు. సరే బిడ్డా. మరి ఏమున్నది?" అంది.

నా దగ్గర జవాబు లేదు. "శ్రద్ధ లేదమ్మా" అన్నాను. ఆ మర్నాడే ఆ మొద్దు అనే మాట.

మన సభల్లో ఆ ప్రశ్న ఎవరైనా అడిగారా? మనం లేదు, లేదు అని చెప్పడంలో ఆరితేరినవాళ్ళం. పిల్లవాడి ముందు నిలబడినప్పుడు "లేదు" అన్నది జవాబులో మొదటి మాట మాత్రమే అవుతుంది.

జవాబు కనిపెట్టింది నేను కాదు. ఫీజు కట్టడానికి వచ్చిన ఒక సాంచా కార్మికుడు గుమ్మం దగ్గర నిలబడి కాసేపు పాఠం చూశాడు. పోతూ పోతూ, "సారూ, ఆ పోరడు మీ మూతి చూసి ఇంటున్నడు. మేం సాంచల కాడ ఇన్నట్టే" అన్నాడు. సాంచాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్స్ దాటుతుంది, అక్కడ చెవితో వినే పని ఉండదు, పెదవులు చూసి మాట పట్టుకుంటారు. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల్లో నేత కార్మికులు ఇలాగే పెదవుల కదలికతో మాట్లాడుకునేవారు, దానికి ఒక పేరు కూడా ఉంది, మీ-మావింగ్ అని. ఈ సంగతి నేను పుస్తకంలో చదివాను. చదివి ఏం లాభం? నా ఎదురుగా మూడో వరసలో ఉంటే కనబడలేదు.

అప్పుడు చేశాను, మొదటే చేయాల్సిన పని. ఇరవై మాటలు రాసుకున్నాను. బంతి, పలక, గొడుగు, ఇలాంటివి. పది మాటలు ఎదురుగా నిలబడి చెప్పాను, పది మాటలు నోటికి నోట్‌బుక్ అడ్డం పెట్టుకుని అదే గొంతుతో చెప్పాను. మొదటి పదిలో తొమ్మిది సరిగ్గా రాశాడు. రెండో పదిలో రెండు. పోల్చుకోవాలి కాబట్టి ఇంకో నలుగురు పిల్లలతో కూడా ఇదే చేశాను. వాళ్ళకు నోట్‌బుక్ ఉన్నా లేకపోయినా తేడా రాలేదు. ఒక్క అరగంట పని! జాతకాల మీద ఇంతకంటే కష్టమైన పరీక్షలు పెట్టినవాణ్ణి నేను.

మజూరా గేట్ దగ్గరి సివిల్ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రెండు చెవుల్లోనూ వినికిడి తగ్గింది. చిన్నప్పటినుంచీ చెవి కారుతూ ఉంటే వేడి నూనె పోస్తూ వచ్చారు. అది చెవుడుకు దారితీస్తుందని ఇంట్లో ఎవరికీ తెలియదు. ముందు ఆ చీము ఆరడానికి మందులు, తర్వాత మిషను. పేద పిల్లలకు వినికిడి యంత్రాలు ఇచ్చే ఏడిఐపి పథకం కేంద్ర ప్రభుత్వానిది, 1981 నుంచీ ఉంది. మా వీధిలో ఎవరూ దాని పేరు విని ఉండలేదు. భువా చిరునామా మాత్రం అందరికీ తెలుసు.

ఆ తర్వాత మా గదిలో మారినవి చిన్న విషయాలే. వాణ్ణి ముందు వరసకు, కిటికీకి ఎదురుగా కాకుండా పక్కగా కూర్చోబెట్టాం. వెలుతురు మాట్లాడేవాడి ముఖం మీద పడాలి కదా. బోర్డు వైపు తిరిగి మాట్లాడడం మానేశాను. చెప్పినంత తేలిక కాదు ఇది, నాకు ఆరు నెలలు పట్టింది.

రెండో సంగతి దీనికి సరిగ్గా తిరగేసినది. ఒక అమ్మాయి, పదకొండేళ్ళు. నోటితో అడిగితే అన్నీ చెబుతుంది. కథ ఒకసారి వింటే మాట పొల్లు పోకుండా అప్పజెబుతుంది. పుస్తకం ఇస్తే చెమటలు. అందరం ఒకటే కారణం చెప్పుకున్నాం: ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, దుకాణంలో గుజరాతీ, పిల్ల గందరగోళపడుతోందని. ఈ వాదంలో లోపం మీకు వెంటనే తట్టే ఉంటుంది. ఆ గదిలో ముప్ఫైమందికీ అవే మూడు భాషలు. మిగతావాళ్ళు చదువుతున్నారుగా? నాకు మాత్రం ఏడాది దాకా తట్టలేదు. 'తారే జమీన్ పర్' సినిమా 2007లో వచ్చింది, చూసి కంటతడి కూడా పెట్టాను. కానీ అందులోని పిల్లవాడిలా ఈ అమ్మాయి అక్షరాలు తిరగరాయదు. అందుకని డిస్లెక్సియా కాదనుకున్నాను. అక్షరాలు తిరగరాయడం దానికి తప్పనిసరి గుర్తు కాదట. మన లిపిలో తంటా గుణింతాల దగ్గరా ఒత్తుల దగ్గరా వస్తుంది. కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన చూస్తే, మామూలు పిల్లలకే ఇలాంటి లిపి పూర్తిగా పట్టుబడడానికి ప్రాథమిక తరగతులన్నీ గడవాలి. ఇక ఈ పిల్ల సంగతి చెప్పేదేముంది!

ఇక్కడ నా మూఢనమ్మకం ఒకటి ఒప్పుకోవాలి. ఒక శిక్షణ తరగతికి వెళ్ళాను. కొందరు పిల్లలు కంటితో, కొందరు చెవితో, కొందరు చేతితో నేర్చుకుంటారు, ఎవరిది ఏ రకమో కనిపెట్టి ఆ రకంగానే చెబితే చాలు అన్నారు. స్లైడులు బాగున్నాయి, మెదడు బొమ్మ కూడా ఉంది. ఒక్క ప్రశ్న అడగకుండా నమ్మేశాను. ఈ అమ్మాయి "చెవి రకం" అని తేల్చి, ఒక సంవత్సరం అంతా వినిపించాను గానీ చదవడం నేర్పలేదు. తర్వాతే తెలిసింది, పాష్లర్, ఆయన సహచరులు 2008లోనే ఆ సిద్ధాంతానికి చెప్పుకోదగ్గ సాక్ష్యం లేదని రాశారు. నేను నమ్మేనాటికి అది అచ్చయి నాలుగేళ్ళయింది. భువాను నమ్మిన ముసలమ్మకు చదువు రాదు. నాకేం సాకు ఉంది?

పోయిన ఏడాది ఆ పిల్లదే, నాది కాదు.

ఆ మధ్యలోనే వాళ్ళ నాన్న అప్పు చేసి "మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్" తరగతిలో చేర్చాడు. కళ్ళకు గంతలు కట్టి చదివిస్తారు చూడండి, అది. గంత కింద ముక్కు పక్కన ఉండే సందులోంచి పిల్లలు చూస్తారని నరేంద్ర నాయక్ లాంటివాళ్ళు ఎన్నోసార్లు రుజువు చేసి చూపించారు. ఈ అమ్మాయి నాకు చెవిలో చెప్పిన మాట మాత్రం ఏ రుజువులోనూ రాలేదు. "సార్, కింది సందులకెల్లి రంగు కనిపిస్తది, అది చెప్తున్న. అక్షరం గూడ కనిపిస్తది. కానీ నాకు చదవరాదు కద!" రంగులన్నీ చెప్పి అక్షరాలు చెప్పలేకపోయినందుకు మెదడు సగమే తెరుచుకుందని, రెండో దశకు మళ్ళీ డబ్బు కట్టాలని అన్నారట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పనికొచ్చింది ఏమిటంటే, చెప్పడానికి ఏమీ లేనంత మామూలు పని. రోజుకు ఇరవై నిమిషాలు, వారానికి నాలుగే అక్షరాలు, ఒక్కో గుణింతం శబ్దంతో కలిపి, నిన్నటిది మళ్ళీ ఇవాళ. మిగతా సబ్జెక్టులకు పాఠం చదివి వినిపించి, జవాబు నోటితో చెప్పించుకోవడం. అప్పటికి చట్టంలో ఆమెకు చోటే లేదు. 1995 చట్టం ఏడు వైకల్యాలనే గుర్తించింది. 2016లో వచ్చిన కొత్త చట్టం ఆ సంఖ్యను 21 చేసి, నేర్చుకోవడంలో వచ్చే ఇబ్బందులనూ ఆటిజాన్నీ చేర్చింది. ఆమె పదో తరగతి రెండోసారికి పాసైంది. చదవడం ఇప్పటికీ నెమ్మదే.

మూడో పిల్లవాడి గురించి రాయాలంటే చెయ్యి ఆడడం లేదు. ఆటిజం. వాళ్ళ నాన్న టీకా వల్లే వచ్చిందని ఎవరో చెప్పగా విని వచ్చాడు. నేను 1998 నాటి వేక్‌ఫీల్డ్ వ్యాసం, 2010లో లాన్సెట్ దాన్ని వెనక్కి తీసుకోవడం, అంతా వివరించాను. బాగా చెప్పాననే అనుకున్నాను. ఆయన తలూపి, "సమజైంది సార్. మరి రేపటినుంచి వీణ్ణి పంపాల్నా, వద్దా?" అన్నాడు. మళ్ళీ అదే ప్రశ్న! అప్పటికే ఇద్దరు తల్లులు ఆ జబ్బు తమ పిల్లలకు అంటుకుంటుందని గొడవ చేస్తున్నారు. మేం ముగ్గురం కూర్చుని ఓటు వేసుకున్నాం. మాకు శిక్షణ లేదు, ప్రత్యేక పాఠశాలకు పంపడమే శాస్త్రీయం అన్నది నేనే. ఇద్దరం అటు, ఒకరు ఇటు. ఆ ప్రత్యేక పాఠశాల బస్సు వాళ్ళ వీధికి రాదు. వాడు సాయంత్రాలు గదిలో గొళ్ళెం వెనకాల గడిపాడు, ఎనిమిది నెలలు. ఈ సంగతి వాళ్ళ అమ్మ నాకు చెప్పలేదు, పక్కింటివాళ్ళు చెప్పారు. ఓటు వేసినప్పుడు ఆ ఇంటికి వెళ్ళి చూడాలని మాకెవరికీ తోచలేదు.

తిరిగి పిలిచాం. చీరల డబ్బాల అట్టలు కత్తిరించి బొమ్మలు గీశాం: చెప్పులు విప్పడం, లెక్కలు, మంచినీళ్ళు, ఆట, ఇల్లు. వాటిని వరసగా గోడకు తగిలించాం. ఒక పని అయ్యాక ఆ అట్ట వాడే తీసేస్తాడు. గంట కొట్టే ముందు చెప్పి కొడతాం. రోజూ ఒకే మూల, కొట్టుకునే ట్యూబులైటుకు దూరంగా. అన్ని రోజులూ బాగుంటాయని అనను. గణేశ్ నిమజ్జనం డప్పుల రోజున చెవులు మూసుకుని అరుస్తాడు, ఆ రోజు రావద్దనే చెబుతాం. వాడు వచ్చాక నలుగురు పిల్లలను మాన్పించారు. వాళ్ళలో ఇద్దరు ఇంతవరకూ తిరిగి రాలేదు.

మొన్న ఆ మొదటి పిల్లవాడు కనిపించాడు. ఇప్పుడు మీసాలు వచ్చాయి, ఎంబ్రాయిడరీ మిషను మీద పని చేస్తున్నాడు. షెడ్డులోకి పోయేముందు చెవి మిషను తీసి జేబులో వేసుకుంటాడట, బ్యాటరీ మిగులుతుందని. మెడలో తాయెత్తు ఇంకా ఉంది. ఆసుపత్రికి వెళ్ళిన వారమే నాయనమ్మ ఉధనాకు కూడా తీసుకెళ్ళింది, నాకు చెప్పకుండా. రెండూ ఒకేసారి మొదలుపెట్టారు కాబట్టి దేని వల్ల వినబడిందో తేల్చలేమని ఆవిడ వాదన. ప్రయోగ పద్ధతి ప్రకారం చూస్తే అందులో తప్పు పట్టడం కష్టం.

"బ్యాటరీ తీసేసి తాయెత్తు ఉంచి చూద్దామా నాయనమ్మా?" అన్నాను.

"నీకు అన్నీ పరాచికాలే" అని, చాయ్ తాగి పొమ్మంది.